నల్లనీటి రంగు చేపలు: తల్లి చేపలు కొనే ముందు బోరు నీరు చూసుకోండి

ఈ మధ్య రంగు చేపలు కొనేవారిలో నల్లనీటి అక్వేరియం మోజు కనిపిస్తోంది. ఎండుటాకులు, కొయ్య ముక్కలు వేసి నీటిని పలుచని టీ డికాషన్ రంగుకు తెచ్చిన తొట్టి అది. దీంతోపాటే అరుదైన చేపల జత వేలల్లో పలుకుతుందని చెప్పి రైతులకు తల్లి చేపలు అంటగట్టేవారూ బయల్దేరారు.

బ్రెజిల్‌లోని రియో నీగ్రో నది ఇలాంటి నీటికి పెట్టింది పేరు. అడవి ఆకులు నాని నీటిలోకి టానిన్లు దిగుతాయి, లవణాలు దాదాపు ఉండవు, పీహెచ్ 5 చుట్టుపక్కల ఉంటుంది. మన బోరు నీరు చాలా చోట్ల ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. పీహెచ్ 7.5 పైన, కాఠిన్యం ఎక్కువ. ఆకులు వేస్తే రంగు వస్తుంది కానీ కాఠిన్యం పోదు. కొందరు యాసిడ్ పోస్తున్నారు. నీటిలోని బైకార్బొనేట్లు దాన్ని విరిచేస్తాయి, పీహెచ్ మళ్లీ పైకి లేస్తుంది. ఈ ఊగిసలాటే చేపల్ని చంపుతుంది. వాన నీరో ఆర్ఓ నీరో కలిపి పలుచన చేయడమే సరైన దారి.

అందుకే చేపను నీటిని బట్టి ఎంచుకోవాలి. మార్కెట్లో దొరికే ఏంజెల్, ఫైటర్ చేపలు తరతరాలుగా ఫారాల్లో పెరిగినవి. ఓ మాదిరి కఠిన నీటిలోనూ గుడ్లు పెడతాయి, నల్లనీటి తొట్టిలోనూ బాగుంటాయి. కొత్తవారు వీటితోనే మొదలుపెట్టాలి. నియాన్, కార్డినల్ టెట్రాలు మన నీటికి అలవాటు పడి బతకవచ్చు కానీ, పిల్లలు కావాలంటే మెత్తటి నీరు, చీకటి తొట్టి తప్పనిసరి. ఆల్టమ్ ఏంజెల్, చాక్లెట్ గౌరామి, లైకోరైస్ గౌరామి లాంటి అరుదైనవి నీటిలో చిన్న తేడాకే జబ్బు పడతాయి. చిన్న రైతు వీటి జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ధర సంగతీ ఆలోచించండి. రియో నీగ్రో ఒడ్డున బార్సెలోస్ పట్టణ జాలర్లు ఏళ్లతరబడి కార్డినల్ టెట్రాలు పట్టి బతికారు. ఇతర దేశాల ఫారాల్లో వాటిని పుట్టించడం మొదలయ్యాక నది చేపకు గిరాకీ పడిపోయింది. నేడు అరుదైన చేపకు పలికే ధర, ఎవరో ఒకరు దాన్ని పెద్ద ఎత్తున పుట్టించేదాకే నిలుస్తుంది.

డ్రాగన్ చేప అని అమ్మే ఆసియా అరోవానా విషయంలో మరింత జాగ్రత్త. అది అంతర్జాతీయ రక్షణ జాబితాలో ఉంది. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం అలాంటి జీవులను పెంచేవారు నమోదు చేసుకోవాలి. కాగితాలు లేకుండా కొనకండి.

ఖర్చు లేని అవకాశం ఒకటుంది. ఈ తొట్లలో వాడేది మన నాటు బాదం ఆకే. పండి రాలిన ఆకును కడిగి, నీడన ఆరబెట్టి కట్టలుగా అమ్మవచ్చు. సుమారు 40 లీటర్లకు ఒక మధ్యరకం ఆకు చాలు. మందు కొట్టిన తోటల్లోవి, రోడ్డు పక్కవి ఏరవద్దు.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగు చేపల యూనిట్ ఖర్చు 3 లక్షల రూపాయలుగా లెక్కించి మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం, మిగతావారికి 40 శాతం సాయం పెట్టారు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అన్నది జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. వెళ్లేముందు బోరు నీటిని పరీక్ష చేయించి పీహెచ్, కాఠిన్యం, క్షారత వివరాలు వెంట తీసుకెళ్లండి.