మా నాన్న కారులో ఏ ఆయిల్ పోయాలి?

సంక్రాంతి సెలవుల్లో నాన్న కారుకి ఆయిల్ మార్పించడానికి షెడ్డుకెళ్ళాం. 2015 మోడల్ పెట్రోల్ కారు. తెనాలి నుంచి గుంటూరు, విజయవాడ బాడుగలకి తిప్పుతారు. ఇల్లు గడిచేదీ, నా ఫీజు కట్టేదీ దానిమీదే. మెకానిక్ బాబాయ్ నేనెప్పుడూ పేరు వినని డబ్బా ఒకటి తీసి, "కంపెనీ ఆయిల్ కంటే ఐదొందలు తక్కువ అన్నా" అన్నాడు.

"వద్దు నాన్నా, ఆ పేరే ఎక్కడా వినలేదు" అన్నాను. "మెకానికల్ చదువుతున్నావుగా, దీన్లో తేడా ఏంటో చెప్పరా" అన్నారు నాన్న. చెప్పలేకపోయాను. ఐసీ ఇంజన్స్‌లో నాకొచ్చిన గ్రేడు ఇక్కడ రాయను.

సిగ్గేసి డబ్బా తిప్పి చదివాను. ముందువైపు పెద్దక్షరాల్లో 20డబ్ల్యూ-50. వెనకాల చిన్నగా ఏపీఐ ఎస్‌ఎఫ్. (సీఎస్‌ఈ మిత్రులూ, ఇది మీ ఏపీఐ కాదు, అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్.) ఆ సంస్థ లెక్కలో ఎస్‌ఎఫ్ అనేది 1988 వరకు తయారైన ఇంజన్లకి. అప్పటికి మా అమ్మానాన్నలకి పెళ్ళే కాలేదు! ఎస్ పక్కన అక్షరం ముందుకెళ్ళేకొద్దీ ప్రమాణం కొత్తది. ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. మా కారు మాన్యువల్ అడిగేది 5డబ్ల్యూ-30, ఎస్‌ఎం లేదా ఆపైది.

"పాత బండికి చిక్కటి ఆయిలే మంచిదిరా అబ్బాయ్" అన్నాడు బాబాయ్. ఈ మాట మీరూ వినుంటారు. బాగా అరిగిపోయి ఆయిల్ తాగేసే ఇంజన్‌కి కొందరు అలా పోస్తారు, నిజమే. కానీ పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఆయిల్ పైన కామ్‌షాఫ్ట్ దాకా ఎక్కాలి. చిక్కటిది ఆలస్యంగా ఎక్కుతుంది. అరుగుదల ఆ కాసేపట్లో ఎక్కువ.

కాబట్టి ఆ డబ్బా వద్దన్నాను, కానీ నేను మొదట చెప్పిన కారణం తప్పు. పేరు తెలియకపోవడం ఆయిల్ నేరం కాదు. చిన్న కంపెనీలు కూడా రిఫైనరీల నుంచి బేస్ ఆయిల్ కొని, అందులో అడిటివ్‌లు కలిపి అమ్ముతాయి. ఆ అడిటివ్‌ల వ్యాపారమేమో ప్రపంచంలో ఎక్కువగా లుబ్రిజాల్, ఇన్ఫినియం, ఆఫ్టన్, షెవ్రాన్ ఒరొనైట్ అనే నాలుగింటి చేతుల్లోనే ఉంది. నకిలీల భయమా? నకిలీ చేసేవాడు ఎవరూ అడగని పేరు ఎందుకు పెట్టుకుంటాడు? ఏ డబ్బా అయినా సీలు మన ముందే విప్పించాలి.

నా పట్టు ఒక్కదానిమీదే. "ఎస్‌ఎన్‌కి సరిపోతుంది" అని ఎవరైనా అచ్చేసుకోవచ్చు. డోనట్ ఆకారంలో గుండ్రటి ఏపీఐ గుర్తు వేసుకోవాలంటే మాత్రం లైసెన్స్ కావాలి. ఆ లైసెన్సుల జాబితా వాళ్ళ సైట్‌లో ఎవరైనా వెతకొచ్చు. గుర్తు లేనివన్నీ చెత్త అనను. కానీ మాకు అన్నం పెట్టే బండిలో పోయనివ్వను.

అదే బజార్లో, అంతే అనామకమైన ఇంకో డబ్బా దొరికింది. 5డబ్ల్యూ-30, ఎస్‌ఎన్, డోనట్ గుర్తు ఉన్నాయి. ఫోన్‌లో వెతికితే జాబితాలోనూ ఉంది. పేరున్నదానికంటే రెండొందల యాభై తక్కువ. అదే పోయించాం. నాన్న బిల్లు వెనక కిలోమీటర్లు రాసి డాష్‌బోర్డులో పెట్టారు.

బాబాయ్ లోపలికెళ్ళి తన బైకు ఆయిల్ డబ్బా తెచ్చి, "ఇది కూడా చూడు" అన్నాడు. బైకుల్లో చాలావాటికి క్లచ్ కూడా ఇంజన్ ఆయిల్లోనే మునిగుంటుంది. కారు ఆయిల్ పోస్తే జారొచ్చు. అందుకని జాసో ఎంఏ అని ఉందా అని వెతికాను. ఉంది.