పిల్లల చేతికే ఇద్దాం

కాలిఫోర్నియాలోని అనేక విశ్వవిద్యాలయాల్లో ఫిలిప్పీన్స్ మూలాలున్న విద్యార్థులు ఏటా 'పిలిపినో కల్చరల్ నైట్' జరుపుకుంటారు. అందులో తరచుగా కనిపించే జానపద నృత్యం టినిక్లింగ్. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని రెండు పొడవాటి వెదురు బొంగులను లయగా నేలకు తట్టి, ఒకదానితో ఒకటి కొడుతుంటారు. నర్తకులు కాలు నలగకుండా వాటి మధ్య అడుగులు వేయాలి. వరిపొలాల్లో ఉచ్చులను తప్పించుకు తిరిగే 'టిక్లింగ్' పిట్ట నడకే దీనికి మూలమంటారు.

ఈ కార్యక్రమాల్లో మాకు ఎక్కువగా నచ్చింది వాటిని నడిపే తీరు. నేర్పేదీ, నడిపేదీ విద్యార్థులే. వాళ్లలో తగలాగ్ భాష సరిగా రానివారూ చాలామందే.

ఆ నృత్యాలు వాళ్లదాకా ఊరికే రాలేదు. ఫ్రాన్సిస్కా రేయెస్ అక్వినో అనే ఉపాధ్యాయురాలు 1920లలో పల్లెలు తిరిగి జానపద నృత్యాలను సేకరించారు. 1926లో వాటిపైనే ఎమ్మే సిద్ధాంత వ్యాసం రాశారు. 1973లో ఆ దేశం ఆమెను 'జాతీయ కళాకారిణి'గా గౌరవించింది.

ఇక మన సంగతి. వార్షికోత్సవంలో సినిమా పాటలకు మేము వ్యతిరేకులం కాము. కానీ కోలాటానికి కావలసినవి చేతికి రెండు కర్రలు, పాట తెలిసిన ఒక పెద్దావిడ. వేసవిలో ఇక్కడికి వచ్చే అమ్మమ్మలు, నాయనమ్మల్లో ఎందరికి కోలాటం పాటలు, బతుకమ్మ పాటలు వచ్చో అడిగి చూడండి. వాళ్లు పాడుతుంటే రికార్డు చేసి, మాటలు రాసిపెడితే అదే మన బడికి పాఠ్యపుస్తకం.

"ఆట వస్తే చాలా, భాష అక్కర్లేదా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే మేము కోలాటం అంటున్నాం. అది పాడుతూ ఆడేది. పాట నోటికి వస్తే పది తెలుగు మాటలూ నోటికి వస్తాయి.

హైస్కూలుకు రాగానే చాలామంది పిల్లలు తెలుగు బడి మానేస్తున్నారు. చిన్నపిల్లల వరసలో నిలబడి పద్యం అప్పజెప్పడం వాళ్లకు నామోషీ. వాళ్లకు ఇక్కడ ఒక బాధ్యత ఉండాలి. అందుకే మా మనవి: వచ్చే వార్షికోత్సవంలో ఒక కోలాటాన్ని పూర్తిగా వాళ్లకే అప్పగిద్దాం. పాట ఎంచుకోవడం, చిన్నవాళ్లకు నేర్పడం, వేదిక మీద దాని గురించి తెలుగులో నాలుగు మాటలు చెప్పడం అంతా వాళ్ల పనే. పెద్దలం కర్రలు కొనిపెట్టి, రిహార్సళ్లకు కారులో దింపితే చాలు. తడబడినా మధ్యలో కల్పించుకోవద్దు.

పిల్లలూ, మీలో ఎవరు ముందుకు వస్తారు? వచ్చే ఆదివారం మీ టీచరుకు పేరు ఇవ్వండి.