పేరు చూస్తే పని తెలియాలి

కంభంలో ఎవరింట్లోనైనా పాత వాల్వు రేడియో ఉంటే వెనక అట్ట విప్పి చూడండి. గాజు మీద ఈఎల్84 అని ఉందా? ‘ఈ’ అంటే ఫిలమెంటుకు 6.3 వోల్టులు, ‘ఎల్’ అంటే స్పీకరును నడిపే పెంటోడు. ట్రాన్సిస్టర్లు వచ్చినా ఐరోపా కంపెనీలు మొదట ఆ వరసే సాగించాయి: ఓసీ71లో ‘ఓ’ అంటే ఫిలమెంటు లేదని, ‘సీ’ అంటే ట్రయోడని. 1960ల్లో స్థిరపడ్డ పద్ధతిలో మొదటి అక్షరం పదార్థాన్ని చెప్పింది. ఏసీ128 జర్మేనియం, బీవై127 సిలికాన్. అమెరికా వాళ్ల 1ఎన్4007 డయోడని చెప్పి ఊరుకుంటుంది. మిగతాది పుస్తకంలో వెతుక్కోవాలి. చిన్న ఊరి మెకానిక్కు ఆ పుస్తకం ఎక్కడ దొరుకుతుంది? అందుకే నా ఓటు ఐరోపా పద్ధతికే.