చెరువు పక్షులు అతిథులు కావు

గడచిన వారము మన సంఘ కార్యవర్గ సమావేశమున జనవరి విహారయాత్రను గూర్చి చర్చ జరిగినది. ఆంధ్ర బస్సుల నిలయము 2018లో మన మాధవరమునకే వచ్చినది గనుక ఇక్కడనే బస్సెక్కి, సూళ్లూరుపేటలో దిగి, పులికాటు సరస్సున రాజహంసలను, నేలపట్టున గూడబాతులను చూచి రావలెనని నిశ్చయించిరి. మంచిదే. నేనును చేయి యెత్తితిని. అయితే సభ్యులకు పంచుటకై వ్రాసిన ఆహ్వానపత్రమున "విదేశీ అతిథులను దర్శింపుడు" అని యొక వాక్యము కలదు. నా పోరు ఆ రెండు మాటలతోనే.

ఆ సభలోనే ఒక యువకుడు లేచి, అంత దూరము పోవుటకు ముందు ఒక ఉదయము మన మాధవరము చెరువు గట్టున నడచి చూతమని సూచించెను. అందులకు మాన్యులైన ఒక పెద్దలు, "మన చెరువులో ఏమున్నదయ్యా, గుర్రపుడెక్కయు దోమలును తప్ప? అయినను పక్షులకును భాషా సంఘమునకును సంబంధమేమి?" అనిరి. అందరును నవ్విరి. ఆ యువకుడు కూర్చుండెను. వారిపై నాకు గల గౌరవమునకు లోటు రానీయకయే, ఆ ప్రశ్నకు ఇక్కడ సమాధానము చెప్పబూనితిని.

మొదట "విదేశీ" అను మాటను చూతము. నేలపట్టులోని కడపచెట్లపై గూడు కట్టు గూడబాతు ఏ దేశపుది? అక్కడనే పుట్టి, అక్కడనే రెక్కలు వచ్చి, ఈ తీరపు చెరువులలోనే చేపలు పట్టుకొని బ్రతుకు పక్షి అది. ఎర్రకాళ్ల కొంగయు, నత్తగుల్ల కొంగయు అంతియే. వీటిని సైబీరియా నుండి వచ్చినవని ప్రతి యేటను పత్రికలు వ్రాయుచునే యున్నవి, మనము చదివి తల యూపుచునే యున్నాము. రాజహంసల మాట కొచ్చిన, ఈ దేశమున అవి పెద్ద యెత్తున గూడు కట్టునది కచ్ఛపు రణ్‌లో. కచ్ఛము గుజరాతున నున్నదని మన బడిపిల్లలకు సైతము తెలియును.

ఇక నిజముగా హిమాలయములకు ఆవలినుండి వచ్చునవి సూదితోక బాతులు, ఉల్లంకి జాతి బురదపిట్టలు మొదలగునవి. వీటినైనను విదేశీయులనుట న్యాయమా? లెక్క వేసి చూడుడు. బురదపిట్టలలో పెక్కింటికి ఉత్తరదేశమున గ్రుడ్లు పెట్టి పిల్లలను లేపుటకు పట్టునది రెండు మూడు నెలలు. ఆగస్టు, సెప్టెంబరు నెలలకే మన తీరమున దిగును. ఏప్రిలు వరకు ఇచ్చటనే మేయును. గ్రుడ్లు పెట్టు ఈడు రాని పిన్నపిట్టలు కొన్ని వేసవి యంతయు ఇచ్చటనే యుండిపోవును. ఏడాదిలో పెక్కు దినములు ఎక్కడ గడపునో అదియే ఇల్లన్నచో వాటి ఇల్లు మన బురద గట్టు. మన ఆడపడుచులు పురిటికి పుట్టింటికి పోయి వచ్చినట్లు అవి ఉత్తరమునకు పోయి వచ్చుచున్నవి. పురిటినుండి తిరిగి వచ్చిన కోడలిని వాకిట నిలిపి, "ఏ దేశపు అతిథివమ్మా?" అని యడుగు గృహస్థుడు మనలో నున్నాడా?

అవి త్రోవ తప్పి వచ్చునవియు కావు. సలీం అలీ కాలమునుండియు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు పక్షుల కాళ్లకు అంకెలు చెక్కిన సన్నని లోహపు కడియములు తొడిగి విడుచుచున్నారు. ఆ విధముగా గుర్తించిన పక్షులు వేల మైళ్లు తిరిగి, మరల పాత నీటిపట్టునకే చేరుట ఎన్నో మారులు కనబడినది. చిరునామా తెలిసిన వాని రాక అది.

"అతిథి" అను మాట తీయనిది. కాని దాని చేదు మనకు తెలిసినంతగా ఎవరికి తెలియును? దామెర్ల వెంకటాద్రి నాయకుని కాలమున, 1639లో, కోటకు భూమి దక్కిన నాటికే ఈ నేలపై తెలుగు మాట యున్నది. అయినను తరములుగా ఇక్కడనే పుట్టి పెరిగిన మన పిల్లలను, "మీరు ఆంధ్రమునుండి ఎప్పుడు వచ్చితిరి?" అని యడుగువారు నేటికిని కలరు. "మద్రాసు మనదే" అని ఈ వీథులలో కేకలు వేసినవారి సంతతి మనము. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు ఈ నగరముననే ప్రాణములు విడిచిరి. 1953 అక్టోబరు 1న రాష్ట్రము కర్నూలుకు పోయినది, మనము ఇక్కడనే యుంటిమి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము వచ్చిన పిమ్మట, మైనారిటీ భాషల పిల్లలు తమ మాతృభాషలో పరీక్ష వ్రాయుటకై న్యాయస్థానములకు పోవలసి వచ్చినది. అప్పుడెల్ల మనము చెప్పుకొన్న వాదము ఒక్కటే: మేము చుట్టపుచూపుగా వచ్చినవారము కాము, ఇంటివారము. అతిథికి ఇచ్చునది విస్తరి, ఇంటివానికి ఇచ్చునది వాటా. ఈ భేదము తెలిసిన మన సంఘమే చెరువు పక్షులను అతిథులని వ్రాసినచో నవ్వవలెనో ఏడ్వవలెనో నాకు తెలియకున్నది.

అతిథులకు ఈ నగరము చేసిన మర్యాద చూడవలెనన్న దూరము పోనక్కరలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరద వచ్చినప్పుడు మన ప్రక్కనున్న మణలి పారిశ్రామిక వాడనుండి నూనె కొట్టుకొనిపోయి ఎన్నూరు సంగమమున పేరుకొన్నది. తెల్లని గూడబాతుల రొమ్ములు, రెక్కలు నల్లబడి, ఎగురలేక పడవల మీద కూర్చున్నవి. ఎన్నూరు జాలరుల వలలకును అదే గతి పట్టినది. ఆ నీరు ఆ జాలరిదియు ఆ పక్షిదియు ఉమ్మడి ఆస్తి.

అయితే నూనె యొక దినమున కనబడు కీడు. చప్పుడు లేక జరుగు కీడు వేరొకటి కలదు. దానికి "చెరువు సుందరీకరణము" అని పేరు. నగరమున ఒక చెరువును బాగు చేయుదుమన్నచో నేడు వ్రాయు పథకము దాదాపు ఒక్క తీరుననే యుండును: అడుగు త్రవ్వి గిన్నెవలె లోతు చేయుట, చుట్టును రాతి కట్టు, నడక బాట, ఇనుప కమ్ములు, రాత్రి దీపములు, నీటిపై పడవలు. మురుగు మళ్లించి, గుర్రపుడెక్క తీసి, ఆక్రమణలు ఆపువారికి నేను చేతులెత్తి మ్రొక్కుదును. నడక బాట నావంటి ముసలివానికి ఎంతో మేలు. కాని ఆ రాతి కట్టు, ఆ లోతు ఏమి చేయునో చెప్పవలసి యున్నది.

చిన్న బురదపిట్ట కాలు చిటికెన వ్రేలంత యుండదు. అది నీటి అంచున, తడి బురదలో ముక్కు గ్రుచ్చి పురుగులను ఏరుకొనును. సూదితోక బాతు తల నీట ముంచి తోక పైకెత్తి అడుగునున్న గింజలను వెదకును. మూరెడు లోతు దాటినచో దానికి నేల అందదు. ఈశాన్య ఋతుపవనము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మన చెరువులను నింపును. పిదప నీరు కొంచెము కొంచెముగా తీయుచుండగా, వాలుగా నున్న గట్టుపై దినమునకొక కొత్త బురద చాలు బయటపడును. దినదినము ఒక కొత్త విస్తరి పరచినట్లు! వేల మైళ్లు ఎగిరి వచ్చునది దాని కొరకే. గట్టును నిట్టనిలువుగా రాతితో కట్టినచో నీరు తీసినను బురద బయటపడదు. అప్పుడు ఆ చెరువున నీటికాకి మునుగవచ్చును, గూడబాతు ఈదవచ్చును, తక్కిన వానికి కాలు మోపుటకు చోటు లేదు. చూచువారికి మాత్రము నీరు నిండుగా, అందముగా కనబడును.

మన పొరుగుననే వేరు త్రోవ చూపినవారు కలరు. చెంగల్పట్టు ప్రాంతమున వేడంతాంగళ్ గ్రామస్థులు పదునెనిమిదవ శతాబ్దపు చివరనే తమ చెరువు పక్షులను సిపాయిలు కాల్చుచున్నారని దొరకు మొరపెట్టుకొని, కాల్చరాదను ఉత్తరువు పొందిరి. పక్షుల రెట్ట కలిసిన నీరు తమ పొలములకు ఎరువని వారికి తెలియును. అది దయ కాదు, పాలివారి మధ్య నున్న లెక్క.

ఇక భాషకు సంబంధమేమి యను ప్రశ్న. జెర్డన్ అను వైద్యుడు నెల్లూరున పని చేసి, 1862 మొదలు 1864 వరకు వెలువడిన తన పక్షిగ్రంథమున తెలుగు పేర్లను వ్రాసి పెట్టెను. ఆయన 1848లో లోకమునకు తెలిపిన ఒక పక్షి 1900 తరువాత ఎవరికిని కనబడక, అంతరించినదనిపించుకొన్నది. 1986లో కడప జిల్లా అడవిలో అది మరల దొరికినది. ఎనుబదియారేండ్లు శాస్త్రజ్ఞులకు కనబడని పక్షికి ఆ పల్లె వేటగాండ్ర నోట "కలివికోడి" అను పేరు చెక్కు చెదరక నిలిచి యుండెను. సంబంధము ఇంతకంటె ఏమి కావలెను? మా ఇంటిలో పెద్దలు నుదుట తెల్లని బొట్టున్న నల్లని నీటిపక్షిని నామకోడి యనెడివారు. నేడు మా మనుమనికి అది "బర్డ్". లకుముకియు "బర్డ్", తీతువును "బర్డ్", గుడ్డికొంగయు "బర్డ్". తెలుగు బడి లేదని ప్రభుత్వమును నిందింతుము గాని, ఈ పేర్లు చెప్పవలదని మనలను ఏ ప్రభుత్వము నిషేధించినది?

కనుక కార్యవర్గమునకు నా విన్నపము. కనుమనాడు కాకియైనను కదలదందురు; నాడు సూళ్లూరుపేట ప్రయాణము ఎటులును కూడదు. చెరువు గట్టు ప్రయాణము క్రిందికి రాదు. ఆ ఉదయము ఆరు గంటలకు ప్రతి కుటుంబమునుండి ఒక పెద్దయు ఒక పిల్లయు చెరువు గట్టున చేరవలెను. సంక్రాంతి దినములలో తమిళనాట పక్షుల గణన జరుగుచున్నది. మన లెక్కయు అందు చేరవచ్చును. పెద్దలు చెప్పిన పేర్లను పిల్లలు పుస్తకమున వ్రాయవలెను. ఆ పట్టికను జతపరచి, చెరువుకు ఒక ప్రక్కనైనను వాలు బురద గట్టును రాయి పరవక విడువవలెననియు, అక్టోబరు మొదలు మార్చి వరకు పడవలు, రాత్రి దీపములు ఆ ప్రక్కకు రారాదనియు నగరపాలక సంస్థకు తెలుగునను తమిళమునను అర్జీ పంపవలెను. తమిళ ప్రతిని వ్రాసి యిచ్చుటకు నేను సిద్ధము.

నేలపట్టు యాత్రయు జరుగనిండు, నా రుసుము ముందే చెల్లించితిని. ఆహ్వానపత్రము ఇంకను అచ్చుకు పోలేదని కార్యదర్శిగారు చెప్పినారు. పోవుటకు ముందు ఆ రెండు మాటలను కొట్టివేయ ప్రార్థన.