చుక్క లేకపోతే పిట్ట లేనట్టేనా?

మా హైటెక్ సిటీలో ఏ రోగానికైనా మందు ఒకటే, యాప్. బట్టమేక పిట్టకీ అదే రాసిచ్చేస్తున్నారు మనోళ్ళు. రాజస్థాన్‌లో 2019 నుంచి గుడ్లు సేకరించి పొదిగించి పెంచుతున్నారు కదా, రేపెప్పుడైనా మన రోళ్ళపాడులో కూడా వదిలితే, చూసినవాళ్ళు ఫోటో తీసి ఎక్కిస్తారట, మ్యాపు మీద చుక్కలు పడతాయట, ట్రాకింగ్ అయిపోయినట్టేనట!

ఎవరు చూస్తారు బాబూ? కెమెరా, కారు, ఖాళీ ఆదివారం ఉన్నవాడు ఎక్కడికెళ్తే చుక్కలు అక్కడే పడతాయి. మన పక్కనున్న కంచ గచ్చిబౌలి చూడండి. యూనివర్సిటీ పిల్లలూ, పక్షుల పిచ్చి ఉన్నవాళ్ళూ ఏళ్ళ తరబడి రాసుకున్న జాబితాలున్నాయి కాబట్టే, 2025లో ఆ 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగినప్పుడు అక్కడేం బతుకుతున్నాయో చెప్పగలిగారు. ఏప్రిల్ 3న సుప్రీం కోర్టు నరుకుడు ఆపించింది. సంతోషం. కానీ అది మన కిటికీలోంచి కనబడే కంచ. నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్ళపాడుకి వారం వారం వెళ్ళేదెవరు? పైగా ఆ అభయారణ్యం మొత్తం 6.14 చదరపు కిలోమీటర్లే. పిట్టకి దాని హద్దురాళ్ళు తెలీవు, చుట్టుపక్కల చేలల్లో కూడా తిరుగుతుంది.

డేటాబేసులతో బతికేవాళ్ళకి నేను చెప్పాలా, నల్ వేరు, సున్నా వేరని? ఎవరూ చూడని చోట చుక్క లేకపోవడం నల్. దాన్ని సున్నా అని చదివితే ఆ గడ్డినేల కాస్తా బంజరు ఖాతాలోకి పోతుంది.

కలివికోడి సంగతే చూడండి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర దాన్ని పట్టి చూపించింది ఐతన్న అనే వేటగాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్ స్థానికుల్ని అడిగాడు కాబట్టి బయటపడింది. 86 ఏళ్ళ నల్ అది!

రోళ్ళపాడులో ఐతన్నలు లేరా? ఉంటారు, గొర్రెల కాపర్లు రోజూ తిరిగే నేలే. కానీ వాళ్ళెందుకు చెబుతారు? 1988లో అభయారణ్యం అన్నారు, తర్వాత కృష్ణజింకలు పెరిగి చేలు మేశాయి, పిట్టేమో మాయమైంది. మళ్ళీ పిట్ట కనబడిందంటే ఇంకేం ఆంక్షలు పెడతారో అని రైతు నోరు మూసుకుంటే తప్పు పట్టగలమా? (నేనైనా మూసుకుంటా.)

ఇంకోటి. మామూలుగా ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పిట్ట ఎక్కడుందో అందరికీ కనబడే మ్యాపులో పెడితే పొద్దున్నే ఫోటోలవాళ్ళ జాతర. టెక్సస్‌లో పెంచి వదిలే ప్రెయిరీ కోళ్ళకి రేడియో కట్టి వెతుకుతారు, జనం చూస్తార్లే అని కూర్చోరు.

కాబట్టి ముందు జింకలు మేసిన చేనుకి డబ్బు అదే పంటకాలంలో చేతికందాలి. తర్వాత తెలుగులో మాట్లాడే మనిషి ఎత్తే ఫోన్ నంబరు ఒకటి. ఫోటో అడక్కూడదు, కాపరి మాట చాలు. చోటు ఫారెస్టు గార్డుకి మాత్రమే తెలియాలి. పిట్ట కనబడలేదని చెప్పడానికి ఫోన్ చేసినా రాసుకోవాలి, ఎందుకంటే అసలైన సున్నా అదే.