సామాను కాచినవారి పాలు

బెసోరు వాగు దగ్గర అలసి ఆగిపోయిన రెండువందల మందికి కొల్లసొమ్ములో వాటా ఎందుకని కొందరు అడ్డుపడ్డారు. సామాను కాచినవారికీ సమానంగా పంచాలని దావీదు శాసించిన సంగతి మనం 1 సమూయేలు 30లో చదువుతాం.

అమెరికాలో ఇలాంటి వివాదమే సైనిక పెన్షన్‌పై వచ్చింది. విడాకుల వేళ దాన్ని ఉమ్మడి ఆస్తిగా పంచరాదని 1981లో మెకార్టీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. బదిలీల వెంట ఊళ్లు మారుతూ, ఉద్యోగాలు వదులుకుని ఇల్లు నడిపిన భార్యలకు ఆ పెన్షన్‌లో పాలు లేకుండాపోయింది. 1982లో కాంగ్రెస్ చట్టం చేసి, పంచే అధికారం రాష్ట్రాల కోర్టులకిచ్చింది. అయితే సగం దానంతటదే రాదు. ఎంతో కోర్టే తేల్చాలి. కాపురం, సర్వీసు కలిసి పదేళ్లు సాగితేనే వాటా ప్రభుత్వం నుంచి నేరుగా అందుతుంది. లేకుంటే మాజీ భర్త ఇచ్చేదాకా ఎదురుచూడాలి. భర్త పెన్షన్‌లో కొంత వదులుకుని వైకల్య భృతి తీసుకుంటే, ఆమెకు తగ్గినది పూడ్చమని కోర్టులు ఆదేశించలేవని 2017లో హోవెల్ కేసులో తీర్పు వచ్చింది.

గాయపడిన సైనికుడికి భృతి న్యాయమే. కానీ ఆమె ధారపోసిన ఏళ్ల మాటేమిటి? యౌవనకాలపు భార్యకు చేసే ద్రోహాన్ని మలాకీ ప్రవక్త గద్దించాడు. బంధం తెగినా ఋణం తెగదు. చట్టం బలవంతపెట్టలేని చోట కూడా ఆ ఋణం తీర్చడమే విశ్వాసులమైన మన నీతి.