మన గోడ మీది మొక్కను గీకెయ్యొద్దు



వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన హాస్టల్లో మొదట జరిగే పని గోడలు గీకడం. ఆరో తరగతి నుండి పది వరకు ఐదేళ్ళూ ఆ పని నేనూ చేశాను. స్నానాల గదుల వెనుక, నీళ్ళ ట్యాంకు కారే చోట ఇటుకల సందుల్లో దువ్వెన పళ్ళలాంటి ఆకులతో ఒక పచ్చని మొక్క పెరిగేది. మేం దాన్ని పిచ్చి మొక్క అనేవాళ్ళం. పారతో గీకి, సున్నం వేసి, చేతులు కడుక్కునేవాళ్ళం. మళ్ళీ వానలు పడగానే అదే గోడ మీద అదే మొక్క!

ఆ పిచ్చి మొక్క పేరు టెరిస్ విట్టాటా అని, అది ఒక ఫెర్న్ అని నాకు ఎం.ఎస్సీ. వృక్షశాస్త్రంలో చేరాక గానీ తెలియలేదు. అంతకు ముందు ఫెర్న్ అంటే తెలియదా అంటే, తెలుసు! ఇంటర్ బై.పి.సి.లో టెరిడోఫైటా పాఠం గైడు చూసి బట్టీ పట్టాను. ఆకు అడుగున ఉండే సిద్ధబీజాశయాల గుంపును సోరస్ అంటారని రాశాను, బొమ్మ గీశాను, మార్కులు తెచ్చుకున్నాను. అసలు మొక్కను మాత్రం ఎవరూ చూపించలేదు, నేనూ అడగలేదు.

దాని ఫలితం చెబుతాను. డిగ్రీ రెండో ఏడు ఖమ్మంలో ఒక తోపుడు బండి మీద ఫెర్న్ కుండీ కనిపిస్తే ముచ్చటపడి కొని ఇంటికి తీసుకెళ్ళాను. మా అమ్మ మిరపకాయలు ఏరి అప్పుడే వచ్చింది. "ఏందిరా ఇది? పువ్వు లేదు, కాయ లేదు, కూరకన్నా రాదు. దీనికి నీళ్ళెవరు మోస్తరు?" అంది. అయినా రోజూ పోసింది. కొన్నాళ్ళకు ఆకుల అడుగున వరసగా గోధుమ రంగు చుక్కలు వచ్చాయి. నాన్నను పిలిచి తెగులు పట్టిందన్నాను. చదువుకున్న కొడుకు చెప్పాడు కదా అని ఆయన పత్తి చేనుకు కొట్టగా మిగిలిన మందు తెచ్చి చల్లాడు. వారం తిరక్కుండా మొక్క మాడిపోయింది. ఆ చుక్కలే సోరస్‌లు! నేను పరీక్షలో గీసిన బొమ్మ నా చేతిలోనే ఉంటే గుర్తుపట్టలేకపోయాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. మా నాన్న నా చదువును నమ్మి మందు కొట్టాడన్న సంగతి ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే ఈ వ్యాసం. ఫెర్న్‌ను పుస్తకంలో కాదు, మన గోడ మీద చదువుదాం అంటున్నాను.

"తినడానికే కష్టమైన మనకు అలంకార మొక్కలెందుకన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఫెర్న్ అంటే పెద్దవాళ్ళ హాలులో మూలన ఉండేది మాత్రమే కాదు. మన ఊళ్ళలో గేదెల మేత కోసం టార్పాలిన్ గుంటల్లో పెంచే అజొల్లా కూడా ఒక ఫెర్నే. దాని ఆకుల్లో నివసించే నీలి ఆకుపచ్చ శైవలం గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది, అందుకే వరి మడిలో అది పచ్చిరొట్ట ఎరువు. ఇక మనం ఏటా గీకేసే టెరిస్ విట్టాటా సంగతి. నేలలోని ఆర్సెనిక్ విషాన్ని అది పీల్చుకుని ఆకుల్లో దాచుకుంటుందని 2001లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ప్రకటించారు. విషపు నేలలను శుభ్రం చేయడానికి ప్రపంచం ఆ మొక్కను అధ్యయనం చేస్తుంటే మనం పార పట్టుకుని తిరుగుతున్నాం. ఇంకో మాట. ఉపయోగం ఉంటేనే మొక్కను పెంచాలా? కళ్ళకు చల్లగా ఉండే ఒక పచ్చని ఆకు మన పిల్లల వరండాలో ఉండకూడదని ఎవరన్నారు?

అయితే ఒక హెచ్చరిక. ఫెర్న్ కావాలని కిన్నెరసాని అడవికో, వాగు ఒడ్డుకో వెళ్ళి పీక్కురావద్దు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో ఫెర్న్‌ల పిచ్చి పట్టి జనం కొండలు, లోయలు గాలించి తవ్వుకుపోయారు. కిల్లార్నీ ఫెర్న్ వంటి అరుదైన జాతులు చాలా చోట్ల కనబడకుండా పోయాయి. పైగా కిన్నెరసాని అభయారణ్యం. అనుమతి లేకుండా అక్కడ మొక్క పీకడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మన గోడ మీద ఉండగా అడవి దాకా ఎందుకు?

పెంచే పద్ధతి చెబుతాను, ఖర్చు లేదు. పగిలిన బకెట్టు, పాత రంగు డబ్బా ఏదైనా సరే, అడుగున రంధ్రాలు పెట్టాలి. ఎర్రమట్టి, ఇసుక, చివికిన ఆకుల ఎరువు సమంగా కలపాలి. గోడ మీది రకానికి సున్నం ఇష్టం కాబట్టి పాత సున్నపు గచ్చు ముక్కలు నాలుగు వేయాలి. మొక్కను వేళ్ళతో సహా మెల్లగా ఊడదీసి నాటాలి. వేళ్ళు మట్టిలో ఉండాలి, ఆకులు పుట్టే కొమ్ము పైకి కనబడాలి. దాన్ని పూడ్చేస్తే కుళ్ళుతుంది. కుండీని ఉత్తరం వైపో, తూర్పు వరండాలోనో నీడలో పెట్టాలి. మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి, బురదగా ఉండకూడదు. బియ్యం కడిగిన నీళ్ళు చాలు, సబ్బు నీళ్ళు వద్దు. కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు నిలవనివ్వొద్దు, దోమలు పెరుగుతాయి. మలేరియా, డెంగీ జ్వరాల సంగతి ఏజెన్సీలో పుట్టిన మీకు చెప్పక్కర్లేదు. 45 డిగ్రీల ఎండలు కాసే రోజుల్లో కుండీలన్నీ ఒకచోట చేర్చి చుట్టూ తడి గోనెసంచి కట్టాలి. సెలవుల్లో నీళ్ళు పోసే మనిషిని ముందే చూసుకోవాలి.

ఓపిక ఉన్నవాళ్ళు సిద్ధబీజాలతో మొలిపించవచ్చు. ఈ రకంలో చుక్కలు ఉండవు, ఆకు అంచు వెంబడి గోధుమ రంగు గీత ఉంటుంది. అలాంటి ఆకును కాగితంలో మడిచి రెండు రోజులు ఉంచితే సన్నని పొడి రాలుతుంది. నీళ్ళలో నానిన ఇటుక మీద ఆ పొడి చల్లి, సగానికి కోసిన ప్లాస్టిక్ బాటిల్ బోర్లించండి. ఇటుక ఆరకుండా చూడండి. కొన్ని వారాలకు గుండె ఆకారంలో గోరంత పచ్చని పొరలు వస్తాయి. అదే ప్రోథాలస్. దాని మీద తడి ఉంటేనే పురుషబీజాలు ఈదుకుంటూ వెళ్ళి స్త్రీబీజాన్ని చేరతాయి, అసలు మొక్క పుడుతుంది. రేపు బై.పి.సి. తీసుకునే తమ్ముళ్ళకు ఆ పాఠం అప్పటికే సగం వచ్చినట్టు.

మొక్కల వల్ల గోడ పాడవుతుందని పెద్దలు అంటారు. రావి మొక్క అయితే నిజమే, దాని వేళ్ళు గోడను చీలుస్తాయి, దాన్ని పీకాల్సిందే. ఫెర్న్ వేళ్ళు సన్నవి. గోడకు అసలు శత్రువు కారే పైపు. ఆ పైపు బాగు చేయించి, మొక్కల్ని డబ్బాల్లోకి మార్చండి. గోడా బాగుంటుంది, మొక్కా బతుకుతుంది.

కాబట్టి వార్డెన్ గారికి, కమిటీ తమ్ముళ్ళకు నా విన్నపం ఒక్కటే. ఈ ఏడు పార పట్టే ముందు ఆ మొక్కలను పది డబ్బాల్లోకి మార్చి వరండాలో వరసగా పెట్టండి. ఒక్కో డబ్బాను ఒక్కో తరగతి చూసుకోవాలి. ముఖ్య అతిథికి బొకే బదులు అందులో ఒకటి ఇవ్వండి. పాత విద్యార్థులం మేం వచ్చినప్పుడు కారే పైపు బాగుకు తలా కొంత వేసుకుంటాం.

నాకు మాత్రం ఒక డబ్బా ఉంచండి తమ్ముళ్ళూ. ఇంటికి తీసుకెళ్తాను. ఈసారి ఆకు తిప్పి ఆ గోధుమ గీత ఏమిటో మా నాన్నకు నేనే చూపించాలి.